టార్చిదీపపు మినుకు

1996 నవంబరు 6 రాత్రి పెనుతుఫాను కాకినాడకు దక్షిణమున తీరము దాటి, కోనసీమను చీకటిలో ముంచెను. అట్టి రాత్రులందు టార్చిదీపమే దిక్కు.

1899 ప్రాంతమున అమెరికాలో వెలువడిన తొలి టార్చీలు క్షణకాలమే వెలిగెడివి. నాటి ఘటములు ఎక్కువసేపు విద్యుత్ప్రవాహము నీయజాలకుండెను. ‘ఫ్లాష్‌లైటు’ అను పేరు అందువలననే వచ్చినది. తరువాతి దీపములందును, ఘటము వాడినకొలది దాని అంతర్నిరోధము పెరిగి, తంతువు ఎర్రబారెడిది.

1990లలో ప్రకాశవంతమైన నీలి ఎల్.ఇ.డి. సాధ్యమైనది. తత్ఫలితముగా తెల్లని ఎల్.ఇ.డి. దీపములు వచ్చినవి. ఇందుకు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి లభించినది.

నేటి శక్తిమంతమైన టార్చీ వేడెక్కినచో, చెడిపోకుండుటకై తన వెలుగును తానే తగ్గించుకొనును. అది లోపము కాదు. వెలుగు తగ్గించుటకు కొన్ని టార్చీలు ప్రవాహమును వేగముగా ఆపి ఆపి పంపును. దాని ముందు చేయి విసరినచో వ్రేళ్లు విడివిడిగా అగపడును. కంటికే తెలియు మినుకునకు తరచు కారణము తుప్పు పట్టిన మొనలే. వానిని తుఫానుకు ముందే తుడిచి ఉంచుట మేలు.