థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్ ఇంజను సామర్థ్యపు పెంపు

థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్ అనేది పెట్రోలు ఇంజనుకు ఇంధనాన్ని అందించే పద్ధతులలో ఒకటి. పూర్వం కార్బ్యురేటర్ ఉండిన చోటనే ఇందులో థ్రాటిల్ బాడీ అనే లోహపు భాగం ఉంటుంది. దానిపై అమర్చిన ఒకటి లేదా రెండు ఇంజెక్టర్లు, ఇంజనులోని సిలిండర్లన్నిటికీ కావలసిన పెట్రోలును అక్కడే చిమ్ముతాయి. అందువలన దీనిని సింగిల్ పాయింట్ ఇంజెక్షన్ అని కూడా అంటారు. ఇటువంటి ఇంజను యొక్క సామర్థ్యాన్ని పెంచుటకు చేసే మార్పులు, వాటి హద్దులు, ఉత్తర తెలంగాణలోని కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల ఎండ, దుమ్ము, ఇంధనం దృష్ట్యా గమనించవలసిన విషయాలు ఈ వ్యాసంలో ఇవ్వబడినవి.

చరిత్ర

1970వ దశకంలో అమెరికాలో పొగ నియంత్రణ నిబంధనలు బిగిసిన తరువాత, కార్బ్యురేటర్‌తో వాటిని అందుకొనుట కార్ల కంపెనీలకు కష్టమయ్యింది. ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్క ఇంజెక్టరు పెట్టే పద్ధతి అప్పటికి ఖరీదైనది. మధ్యేమార్గంగా థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్ వచ్చింది. పాత ఇంజనులో కార్బ్యురేటర్ తీసి ఆ స్థానంలో దీనిని బిగిస్తే సరిపోవుట దీని ముఖ్యమైన ఆకర్షణ. 1980లో జనరల్ మోటార్స్ తన కాడిలాక్ కార్లలో దీనిని ప్రవేశపెట్టింది. 1982లో చేవ్రొలే కార్వెట్‌కు రెండు థ్రాటిల్ బాడీలు గల క్రాస్-ఫైర్ ఇంజెక్షన్ వచ్చింది. 1987 నుండి 1995 వరకు చేవ్రొలే పికప్ ట్రక్కులలో లక్షలాదిగా వాడబడిన రెండు ఇంజెక్టర్ల పరికరమే ఈ రకంలో అందరికీ తెలిసినది. సామర్థ్యపు పెంపు గురించి నేడు ప్రచారంలో ఉన్న పరిజ్ఞానంలో అధిక భాగం ఆ ట్రక్కుల యజమానులు చేసిన ప్రయోగాల నుండి వచ్చినదే. ఐరోపాలో బాష్ కంపెనీ మోనో-జెట్రోనిక్ పేరుతో చిన్న కార్లకు ఇదే తరహా పరికరాన్ని అందించింది.

భారతదేశంలో ఈ మధ్య దశ దాదాపుగా కనిపించదు. 2000లో భారత్ స్టేజ్ ప్రమాణాలు మొదలైనపుడు మారుతి 800 వంటి కార్లు కార్బ్యురేటర్ నుండి నేరుగా ఎంపీఎఫ్ఐకి, అనగా సిలిండరుకు ఒక ఇంజెక్టరు పద్ధతికి, మారినవి. ద్విచక్ర వాహనాలలో 2006లో హీరో హోండా గ్లామర్ ఎఫ్ఐ, 2009లో రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 500 ఇంజెక్షన్‌తో వచ్చినా, 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్ 6 అమలయ్యే వరకు సాధారణ బైకులలో కార్బ్యురేటరే రాజ్యమేలింది. బైకులో ఇంజెక్టరు సాధారణంగా థ్రాటిల్ తలుపుకు దిగువన ఉంటుంది కనుక శాస్త్రరీత్యా అది పోర్ట్ ఇంజెక్షన్. అయినా సిలిండరు ఒక్కటే అయినపుడు రెండు పద్ధతుల లెక్కలూ చాలావరకు ఒకటే. కరీంనగర్‌లో గానీ మంచిర్యాలలో గానీ ఒక మెకానిక్కు ఈ విషయం ఎదురయ్యేది ఎక్కువగా ఇటువంటి బైకు రూపంలోనే. ఏజెన్సీ ప్రాంతంలో తిరిగే జీపులు, ట్రాక్టర్లు చాలావరకు డీజిల్‌వి. వాటికి థ్రాటిల్ బాడీ లెక్కలు వర్తించవు.

పనిచేయు విధానం

ఇంజనులోనికి ఎంత గాలి పోతున్నదో కంప్యూటర్ (ఇ.సి.యు.) ప్రతి క్షణం అంచనా వేస్తుంది. థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్‌లో గాలిని నేరుగా కొలిచే సాధనం సాధారణంగా ఉండదు. మానిఫోల్డ్‌లోని పీడనం, ఇంజను వేగం, ఉష్ణోగ్రత అనే మూడింటిని బట్టి, ముందుగానే తనలో రాసి ఉన్న పట్టిక చూసి గాలి పరిమాణాన్ని లెక్కిస్తుంది. ఆ పట్టిక కంపెనీ తయారుచేసిన ఇంజనుకు మాత్రమే సరిపోతుంది. ఇంజనులో ఏ భాగం మార్చినా పట్టిక కొంత అబద్ధమవుతుంది. తరువాత చెప్పబోయే చిక్కులన్నిటికీ మూలం ఇదే.

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండుటకు 14.7 గ్రాముల గాలి కావాలి. నిలకడగా వెళ్ళునపుడు పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ సాయంతో కంప్యూటర్ ఈ నిష్పత్తిని కాపాడుతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినపుడు మాత్రం సెన్సర్ మాటను పక్కన పెట్టి, పట్టికనే నమ్మి, 12.5 నుండి 13 వరకు ఉండే చిక్కని మిశ్రమాన్ని ఇస్తుంది. గరిష్ఠ సామర్థ్యం వచ్చేది ఆ నిష్పత్తిలోనే. అదనపు పెట్రోలు దహన గదిని కొంత చల్లబరుస్తుంది కూడా. అనగా ఇంజనుపై అత్యధిక భారం ఉన్న సమయంలోనే దానిని సరిదిద్దేవారు ఎవరూ ఉండరు.

సామర్థ్యం ఎక్కడి నుండి వస్తుంది

ఎక్కువ పెట్రోలు పోస్తే ఎక్కువ సామర్థ్యం వస్తుందనుకొనుట చాలామందిలో ఉన్న అపోహ. ఇంజను సామర్థ్యాన్ని నిర్ణయించేది అది పీల్చుకునే గాలి. పెట్రోలు ఆ గాలికి తగిన జోడీ మాత్రమే. గాలి పెరగకుండా పెద్ద ఇంజెక్టరు పెడితే నల్లని పొగ, తడిసిన స్పార్క్ ప్లగ్గు, పడిపోయిన మైలేజీ మిగులుతాయి. గాలి పెంచి పెట్రోలు పెంచకపోతే మిశ్రమం పలచబడి, నాకింగ్ మొదలై, చివరకు పిస్టన్ తల కరిగి రంధ్రం పడవచ్చును. మొదటి తప్పుకు ఖర్చు పెట్రోలు బంకులో, రెండవదానికి రీబోరు షెడ్డులో.

థ్రాటిల్ బాడీలో మార్పులు

చేవ్రొలే 5.7 లీటర్ల ట్రక్కు ఇంజనులోని థ్రాటిల్ బాడీకి సుమారు 43 మిల్లీమీటర్ల రంధ్రాలు రెండు ఉండేవి. అదే కుటుంబపు 7.4 లీటర్ల ఇంజనుకు ఇవి సుమారు 51 మిల్లీమీటర్లు. వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక పెద్దదానిలో మార్గం సుమారు 40 శాతం ఎక్కువ. చిన్న ఇంజనుకు పెద్ద థ్రాటిల్ బాడీ బిగించుట అందువలననే ప్రసిద్ధమైన మార్పు అయ్యింది. అయితే ఆ చిన్న ఇంజను 210 హార్స్‌పవర్ వద్దనే ఆగిపోవుటకు కారణం థ్రాటిల్ బాడీ ఒక్కటే కాదు. తక్కువ వేగంలో లాగుడు బాగుండుట కోసం రూపొందించిన దాని సిలిండర్ హెడ్డులోని ఇరుకు మార్గాలు, కామ్ షాఫ్ట్ కూడా కారణమే. ఇరుకు ఎక్కడ ఉన్నదో చూడకుండా ద్వారం మాత్రం వెడల్పు చేస్తే ప్రయోజనం స్వల్పం.

ఖర్చు తక్కువతో చేసేవి మరికొన్ని కలవు. ఇంజెక్టర్లను మోసే భాగాన్ని గాస్కెట్ వంటి బిళ్ళతో కొద్దిగా పైకి లేపితే గాలి మార్గానికి అడ్డు తగ్గుతుంది. థ్రాటిల్ తలుపును మోసే కడ్డీని సానబట్టి సన్నం చేయుట మరొకటి. సన్నపడిన కడ్డీ వంగినా, దాని చిన్న మర ఊడి ఇంజనులో పడినా నష్టం పెద్దది కనుక ఈ పని అనుభవజ్ఞుడైన లేత్ పనివానికే అప్పగించవలెను. ఎయిర్ ఫిల్టరుకు బానెట్ వెలుపలి చల్లని గాలి అందేలా గొట్టం వేయుట వీటన్నిటిలో నిరపాయమైనది.

ఇంజెక్టరు, పీడనం

ఇంజెక్టరు ఎంత పెద్దది కావలెనో కొద్దిపాటి గుణకారంతో తెలుసుకొనవచ్చును. పూర్తి భారంపై ఒక కిలోవాట్ సామర్థ్యానికి గంటకు సుమారు 300 గ్రాముల పెట్రోలు అవసరమనుకొందాం. 40 కిలోవాట్ల ఇంజనుకు గంటకు 12 కిలోలు. ఇంజెక్టరు తెరచి ఉండే కాలం 80 శాతం మించకుండుట క్షేమం. అందుచేత 15 కిలోలు, అనగా నిమిషానికి 250 గ్రాములు చిమ్మగల ఇంజెక్టరు ఉండవలెను. అదే ఇంజనును మార్పులతో 48 కిలోవాట్లకు తెస్తే గంటకు 14.4 కిలోలు కావాలి. పాత ఇంజెక్టరు 96 శాతం కాలం తెరచి ఉండవలసి వస్తుంది. ఇది అది పని చేయగల హద్దుకు ఆనుకొని ఉన్నట్లే.

కాల వ్యవధి కూడా స్వల్పమే. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరుగునపుడు సెకనుకు 200 సార్లు గాలి పీల్చుకుంటుంది. ఒక్కొక్క పీల్పుకు దొరికేది 5 మిల్లీసెకన్లు. ఇంజెక్టరు తెరచుకొనుటకే అందులో సుమారు ఒక మిల్లీసెకను పోతుంది. సిలిండర్లన్నిటి భారం ఒకటి రెండు ఇంజెక్టర్లపైనే ఉండుట ఈ పద్ధతి యొక్క సహజమైన బలహీనత.

ఇంజెక్టరు మార్చకుండా పీడనం పెంచుట మరొక మార్గం. ఈ పద్ధతిలో ఇంధన పీడనం ఒక బార్‌కు అటూఇటుగా మాత్రమే ఉంటుంది (ఎంపీఎఫ్ఐలో సుమారు 3 బార్). ప్రవాహం పీడనపు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. కావున పీడనాన్ని 25 శాతం పెంచితే పెట్రోలు పెరిగేది సుమారు 12 శాతమే. పాత పంపు ఆ పీడనాన్ని భరించగలదో లేదో ముందుగా గేజి పెట్టి చూడవలెను.

చిప్ మార్చుట

1980, 90 దశకాల కంప్యూటర్లలో పట్టిక ఒక ఊడదీయగల చిప్‌లో ఉండేది. దానిని చదివి, అంకెలు సరిదిద్ది, కొత్త చిప్‌లో రాసి పెట్టుట అప్పటి పద్ధతి. నేటి వాహనాలలో కంప్యూటర్‌నే తిరిగి రాస్తారు, లేదా ఇంజెక్టరు తీగల మధ్య పిగ్గీబ్యాక్ అనే చిన్న పెట్టె కలుపుతారు. పద్ధతి ఏదైనా, పొగగొట్టంలో వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ పెట్టి పూర్తి భారంపై మిశ్రమాన్ని కొలవకుండా అంకెలు మార్చుట కళ్ళకు గంతలు కట్టుకొని నడచుటే. సిద్ధంగా అమ్మే చిప్‌లు వేరొకరి ఇంజనుకు, వేరొక దేశపు పెట్రోలుకు తయారైనవని గుర్తించవలెను. స్పార్క్ ముందుకు జరుపుట కూడా చిప్ ద్వారానే జరుగుతుంది. ఒకటి రెండు డిగ్రీలు జరిపినపుడు పికప్ పెరిగినట్లనిపించినా, మండుటెండలో, పూర్తి భారంపై నాకింగ్ లేదని నిర్ధారించుకున్న తరువాతనే దానిని ఖాయం చేయవలెను.

ఇథనాల్ ప్రభావం

2023 నుండి భారతదేశపు బంకులలో 20 శాతం ఇథనాల్ కలిపిన ఇ20 పెట్రోలు ప్రవేశించింది. 2025 నాటికి ఈ మిశ్రమం దేశమంతటా సాధారణమయ్యింది. ఇథనాల్ మండుటకు తన బరువుకు 9 రెట్ల గాలి చాలును. అందువలన ఇ20కి సరైన నిష్పత్తి 14.7 కాక సుమారు 13.5 అవుతుంది. అనగా అంతే గాలికి సుమారు 9 శాతం ఎక్కువ ఇంధనం చిమ్మవలెను. నిలకడ వేగంలో సెన్సర్ ఈ తేడాను పూడ్చుతుంది. పూర్తిగా తొక్కినపుడు పూడ్చేది లేదు. పైన చెప్పిన 48 కిలోవాట్ల ఇంజనుకు ఇ20తో గంటకు 15.7 కిలోలు కావలసి ఉండగా, పాత ఇంజెక్టరు ఎల్లవేళలా తెరచి ఉన్నా ఇవ్వగలిగేది 15 కిలోలే. పాత పుస్తకాలలోని ఇంజెక్టరు లెక్కలను నేడు యథాతథంగా వాడరాదు. పాత వాహనాల రబ్బరు గొట్టాలు, సీళ్ళు ఇథనాల్‌కు తట్టుకునేవో కావో కూడా చూసుకొనవలెను. ఇథనాల్ ఆక్టేన్ సంఖ్యను పెంచి నాకింగ్‌ను అణచుట దీనిలోని మేలు. అయితే మిశ్రమం పలచబడితే ఆ మేలు నిలువదు.

కరీంనగర్, ఆదిలాబాద్ పరిస్థితులు

2016 అక్టోబరులో జరిగిన పునర్విభజనలో పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు పలు జిల్లాలుగా విడిపోయినవి. వాతావరణం మాత్రం అంతటా తీవ్రమైనదే. ఆదిలాబాద్‌లో వేసవి పగలు 45 డిగ్రీలు దాటుట, చలికాలపు తెల్లవారుజామున 5 డిగ్రీల సమీపానికి దిగుట రెండూ ఉన్నాయి. ఈ రెండు ఉష్ణోగ్రతల మధ్య గాలి సాంద్రత సుమారు 12 శాతం మారుతుంది. ఇంజను సామర్థ్యం అంతగా మారకపోయినా, ప్రమాణ దిద్దుబాటు సూత్రాల ప్రకారం సుమారు 8 శాతం తేడా వస్తుంది. చిన్న చిన్న మార్పులతో సాధించే పెంపు తరచుగా ఇంతకంటే తక్కువే ఉంటుంది. జనవరిలో బిగించిన విడిభాగాన్ని జనవరిలోనే పరీక్షించి, మే నెలలో నడిపిన పాత ఇంజనుతో పోల్చి మురిసిపోవుటలో అర్థం లేదు. పోలిక ఒకే రోజు, ఒకే రోడ్డుపై జరగవలెను.

ఎండ వలన మరొక చిక్కు కలదు. పీడనం తక్కువ కనుక థ్రాటిల్ బాడీ పద్ధతిలో గొట్టంలోనే పెట్రోలు ఆవిరయ్యే అవకాశం ఎంపీఎఫ్ఐ కంటే ఎక్కువ. మధ్యాహ్నం బండి ఆపి పది నిమిషాల తరువాత స్టార్ట్ చేయబోతే మొరాయించుట దీని లక్షణం. ఇంధన గొట్టాన్ని సైలెన్సర్ మార్గానికి దూరంగా జరుపుట, ట్యాంకులో పెట్రోలు మరీ అడుగంటకుండా చూచుట (లోపలి పంపును చల్లబరచేది ఆ పెట్రోలే) తగిన నివారణలు. చలికాలంలో మానిఫోల్డ్‌ను వేడిచేసే ఏర్పాటును వేసవిలో పనికిరాదని పీకివేసినవారు డిసెంబరు ఉదయాలలో ఇబ్బంది పడతారు. చల్లని గోడలపై పెట్రోలు పొరగా పేరుకొని అన్ని సిలిండర్లకూ సమానంగా చేరదు.

దుమ్ము సంగతి వేరుగా చెప్పవలెను. గోదావరిఖని, శ్రీరాంపూర్, మందమర్రి పరిసరాలలో సింగరేణి బొగ్గు దుమ్ము, బసంత్‌నగర్, దేవాపూర్‌లలో సిమెంటు దుమ్ము, కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల రాతిపొడి గాలిలో ఉంటాయి. రాతిపొడి ఇంజనుకు సానరాయి వంటిది. గాలి ఎక్కువ రావలెనని ఫిల్టరు డబ్బా తీసివేసి, బయటికి కనిపించే శంఖాకారపు ఫిల్టరు బిగించుట యువకులలో సాధారణమైన మొదటి మార్పు. అది ఇచ్చే పెంపు కొద్దిపాటిది, అరిగిపోయే రింగులు మాత్రం ఖరీదైనవి. ఈ ప్రాంతానికి కంపెనీ ఫిల్టరు డబ్బానే ఉంచి, కాగితపు ఫిల్టరును చెప్పిన గడువు కంటే ముందుగా మార్చుట ఉత్తమం.

చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988 యొక్క 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా సమర్థించింది. అదే సంవత్సరపు సవరణ తరువాతి 182ఎ సెక్షను, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి 6 నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చునని చెబుతుంది. పొగ, శబ్దం హద్దు మీరితే 190వ సెక్షను వర్తిస్తుంది. మార్పు సంగతి దాచినపుడు ప్రమాదం జరిగితే బీమా కంపెనీ సొంత నష్టపు క్లెయిము విషయంలో అభ్యంతరం చెప్పే అవకాశం ఉన్నది. బహిరంగ రహదారికి తీసుకురాని పోటీ వాహనాల సంగతి వేరు. అటువంటివాటికి దక్షిణాదిన చెన్నై సమీపంలోని ఇరుంగట్టుకోట్టై, కోయంబత్తూరులోని కరి ట్రాకులు ఉన్నాయి.