పుదుచ్చేరి ఇళ్లు: చల్లదనానికి మూడు మార్గాలు

శీతల దేశాలలో గృహస్థు ఎంచుకోవలసినది ఇంటిని వెచ్చబరచే సాధనాన్ని. పుదుచ్చేరిలో సమస్య ఇందుకు విపరీతం. ఇక్కడ వేడిని లోనికి రానీయకపోవడమే నేర్పు. ఈ పట్టణ చరిత్రలో అందుకు మూడు మార్గాలు కానవస్తాయి.

మొదటిది సంప్రదాయ మార్గం. తమిళ గృహాలకు వీధి అరుగు, నడుమ మండువా. ఫ్రెంచి గృహాలకు మందమైన గోడలు, ఎత్తైన కప్పులు.

రెండవది ఆధునికమైనా తెలుగునేలతో ముడివడినది. శ్రీ అరవిందాశ్రమ వసతిగృహ నిర్మాణానికి హైదరాబాదు సంస్థాన ప్రధాని సర్ అక్బర్ హైదరీ చొరవతో లక్ష రూపాయల విరాళం లభించింది. ఆ కృతజ్ఞతకు గుర్తుగా దానికి ‘గోల్కొండ’ అని పేరిడినారు. 1930ల చివరి సంవత్సరాలలో ఆరంభమైన ఈ భవనానికి వాస్తుశిల్పి ఆంటొనిన్ రేమండ్. ఉత్తర దక్షిణ ముఖాల పొడవునా తెరచి మూయగల అడ్డపలకలు, గదులకు సందులు విడిచిన టేకు జారుడు తలుపులు, గాలి ఆడే రెండు పొరల కప్పు - వీటితోనే ఎండను నివారించి గాలిని ఆహ్వానించారు.

మూడవది యంత్రం. 1902లో విల్లిస్ కారియర్ రూపకల్పనతో ఆరంభమైన ఎయిర్ కండిషనింగ్ గదిలోని వేడిని తీసి వీధిలోనికి వదలుతుంది. ఒర్లియంపేట వంటి కిక్కిరిసిన పేటలలో ఒకరి చల్లదనం పొరుగువారి ఉక్కపోత కాగలదు.

గోల్కొండ పలకలు ఆస్బెస్టాస్ సిమెంటువి. ఆ పదార్థం హానికరమని నేడు తెలిసినదే. కనుక గ్రహించవలసినది పదార్థాన్ని కాదు, సూత్రాన్ని. యంత్రాన్ని ఎప్పుడైనా కొనవచ్చు. ఇంటి దిక్కును, మండువాను, కప్పును మాత్రం పునాదినాడే నిర్ణయించుకోవాలి. ఆ నిర్ణయంలో గృహస్థుతోపాటు ఇంటి ప్లానును ఆమోదించే అధికారికీ బాధ్యత ఉన్నది.