మంద్ర గిటారు ధ్వనికి నిండుతనము ఎట్లు వచ్చినది?

ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ళ గ్రామఫోను రికార్డులలో వాద్యబృందపు మంద్రస్వరాలు సరిగా వినబడవు. ఆనాడు ముద్రణకు మైక్రోఫోను వాడుకలో లేదు. వాద్యకారులందరు ఒక పెద్ద కొమ్ము ఎదుట గుమిగూడి వాయించేవారు. ఆ కొమ్ములో చేరిన గాలి ఒత్తిడియే సూదిని కదిపి మైనపు బిళ్ళపై గాడి గీసేది. సెకనుకు సుమారు 200 కంపనాలకు దిగువనున్న ధ్వనులకు ఆ సూదిని కదిపే శక్తి చాలేది కాదు. అందుచేత డబుల్ బేస్ అనే నిలువెత్తు తీగవాద్యాన్ని పక్కనపెట్టి, దాని పనిని తరచు ట్యూబా అనే ఇత్తడి బాకాకు అప్పగించేవారు. 1925లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీవారి విద్యుత్ ముద్రణ పద్ధతి అమలులోకి వచ్చిన తరువాతనే మంద్రస్థాయికి రికార్డులలో తగిన చోటు దొరికింది.

1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణములో లియో ఫెండర్ విద్యుత్ బేస్ గిటారును అమ్మకానికి తెచ్చాడు. ఆయన రేడియోల మరమ్మతు దుకాణము నడిపినవాడు. గిటారు వాయించడం మాత్రం ఆయనకు రాదు! మన వీణకువలె ఈ గిటారుకు మెట్లు ఉండుటచేత స్వరము తప్పదు. కనుకనే దానికి కచ్చితత్వమనే అర్థము వచ్చేటట్లు ‘ప్రెసిషన్’ అని పేరు పెట్టారు. దాని అతిమంద్ర తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది.

చిక్కంతా ఈ 41లోనే ఉన్నది. గాలిలో ధ్వని వేగము సెకనుకు 344 మీటర్లు. దానిని 41 చేత భాగిస్తే తరంగదైర్ఘ్యము 8 మీటర్లకు పైగా వస్తుంది. సామాన్యమైన ఇంటి గదిలో ఇంతటి తరంగము పట్టదు. గోడలకు తగిలి వెనుదిరిగిన తరంగాలు ముందుకు పోవు తరంగాలతో కలిసి స్థిర తరంగాలు ఏర్పడతాయి. గది పొడవు 4.2 మీటర్లయినచో ఈ స్వరమే హోరెత్తిపోతుంది. పక్క స్వరము పీలగా వినబడుతుంది. మైకును రెండడుగులు జరిపితే మరియొక తీరు.

డెట్రాయిట్ నగరములో ఈ చిక్కును తప్పించుకొన్న విధానము ముచ్చటైనది. 1959లో బెర్రీ గార్డీ ఒక మామూలు ఇల్లు కొని దానిలోనే మోటౌన్ కంపెనీ స్టూడియో పెట్టాడు. అక్కడ గిటార్లనుండి వచ్చే విద్యుత్ సంకేతాన్ని గాలిలోకి పంపి మరల మైకుతో పట్టుకొనే పని పెట్టుకొనలేదు. తిన్నగా రికార్డింగు బల్లకే కలిపారు. గాలి లేనిచోట గది పెట్టే పేచీ కూడ లేదు. అక్కడి బేస్ వాద్యకారుడు జేమ్స్ జేమర్‌సన్ పైన చదునైన లోహపు పట్టీ చుట్టిన తీగలు వాడేవాడు. చాలవరకు ఒక్క చూపుడువేలితోనే మీటేవాడు. ఇంతటివాని పేరు రికార్డు అట్టలపై 1971 వరకు అచ్చుకాకపోవడం అన్యాయమే.

ఆ రికార్డులను జనము చిన్న రేడియోలలోను, కారు రేడియోలలోను విన్నారు. ఆ చిన్న స్పీకర్లు 41 కంపనాలను పలికించలేవు. మరి బేస్ ఎట్లు వినబడినది? తీగ మీటినప్పుడు 41తోబాటు 82, 123, 164 మొదలైన అనుస్వరాలు కూడ పుడతాయి. ప్రాథమిక స్వరము లోపించినా, ఈ అనుస్వరాల మధ్యనున్న సమమైన ఎడమునుబట్టి మన శ్రవణేంద్రియము 41ని తానే ఊహించుకొంటుంది. 1841లో జర్మన్ శాస్త్రజ్ఞుడు జేబెక్ సైరనుతో చేసిన ప్రయోగాలలో ఈ సంగతి బయటపడింది. 1940 ప్రాంతమున హాలెండులో షౌటెన్ దానిని మరింత విపులముగా పరిశోధించాడు. తంబురా గుర్రముపై జీవా దారము ఉంచగానే శ్రుతి నిండుగా పలకడము మనవారికి ఎన్నడో తెలుసు. అక్కడ అనుస్వరాలు పుష్కలముగా పుట్టుటయే కారణమని సి. వి. రామన్ 1921లో వివరించాడు. కాబట్టి నిండుతనము కావాలని కేవలము అడుగు స్వరాన్ని పెంచుకొంటూపోతే రొద తప్ప ఫలితముండదు. పెంచవలసినవి మొదటి నాలుగైదు అనుస్వరాలు.

రికార్డు గాడి పెట్టే హద్దు మరొకటి. మంద్రస్వరాలకు సూది బాగా అటూఇటూ ఊగుతుంది. మితిమీరితే గాడి దాటి దూకుతుంది. అందుకే గీసేటప్పుడు మంద్రాన్ని తగ్గించి, వినిపించేటప్పుడు తిరిగి పెంచుతారు. అమెరికాలో దీనికి ఉమ్మడి ప్రమాణము 1954లో కుదిరింది. 1966లో లండనులోని ఆబీ రోడ్ స్టూడియోలో ‘పేపర్‌బాక్ రైటర్’ పాటకు ఇంజనీర్లు ఒక పెద్ద స్పీకరునే మైకుగా వాడి బేస్ ధ్వనిని పట్టారు. స్పీకరు, మైకు ఒకే సూత్రముపై పనిచేస్తాయి. వెడల్పాటి పొర మంద్రస్వరాలకు బాగా స్పందిస్తుంది.

1979లో టీయాక్ కంపెనీ క్యాసెట్టుపై నాలుగు బాటలు ముద్రించే పోర్టాస్టూడియోను విడుదల చేయుటతో ఈ పని సామాన్యుల ఇండ్లలోకి వచ్చింది. ఇప్పుడు దానిని కంప్యూటరు చేస్తున్నది. ఇంట్లో ముద్రించేవారు తరచు తిన్నగా వచ్చిన సంకేతాన్ని, స్పీకరు ముందుంచిన మైకు సంకేతాన్ని కలుపుతారు. కలిపిన తరువాత ధ్వని మునుపటికంటె పలచబడితే ఆశ్చర్యపోనక్కరలేదు. మైకు 1.2 మీటర్ల దూరములో ఉన్నచో ఆ సంకేతము 3.5 మిల్లీసెకన్లు ఆలస్యముగా వస్తుంది. సుమారు 143 కంపనాలవద్ద ఇది సరిగ్గా అర్ధ కంపన కాలము. కనుక ఒకదాని శిఖరము రెండవదాని లోయలో పడి రెండును రద్దవుతాయి. నిండుతనమిచ్చే అనుస్వరాలున్నది ఆ ప్రాంతములోనే. మైకును స్పీకరుకు అంగుళము దూరములోకి జరిపినా, కంప్యూటరులో ఆ బాటను 3.5 మిల్లీసెకన్లు ముందుకు తెచ్చినా పోయిన స్వరాలు తిరిగి వినబడతాయి.