మట్టిలో కలిసిపోవడం అంటే

ఏదైనా పూర్తిగా పోతే "మట్టిలో కలిసిపోయింది" అంటాం. పరువైనా, ఆస్తైనా, పడ్డ కష్టమైనా, మట్టిలో కలిసిందంటే ఇక దాని లెక్క ముగిసినట్టే. ఈ మాట వెనక ఒక పాత నమ్మకం ఉంది: మట్టి దేన్నయినా మింగేస్తుంది, మింగి తనలా మార్చేసుకుంటుంది. పేడ విషయంలో, రాలిన ఆకు విషయంలో అది చాలావరకు నిజం. మరి సీసం విషయంలో? కలుపుమందు విషయంలో? వీటికి జవాబు వెతకడానికి రెండు శతాబ్దాలు పట్టింది. అందులో కొంత భాగం కంటికి కనిపించని ఒక వెలుగు చెప్పింది.

ఈ కథకి రెండు మొదళ్ళున్నాయి. మొదటిది 1786లో, జర్మనీలో. ఫ్రాంజ్ కార్ల్ అషార్డ్ అనే రసాయనవేత్త బురదనేలల్లో దొరికే పీట్ అనే నల్లటి మన్నుని క్షారంలో నానబెట్టాడు. ద్రవం ముదురు గోధుమరంగుకి తిరిగింది. దాంట్లో ఆమ్లం పోస్తే నల్లటి మడ్డి అడుగున దిగింది. తరవాతివాళ్ళు దానికి హ్యూమిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. ఈ అషార్డే బీట్‌రూట్ జాతి దుంప నుంచి పంచదార తీసే మొదటి ఫ్యాక్టరీ పెట్టినవాడు. చరిత్రలో ఆయన పేరు ఎక్కువగా ఆ తీపి వల్లే నిలిచింది.

రెండో మొదలు 1800లో, ఇంగ్లండులో. యురేనస్‌ని కనిపెట్టిన విలియం హెర్షెల్ ఎండని పట్టకంలోంచి పంపి, ఏ రంగులో ఎంత వేడి ఉందో థర్మామీటర్లు పెట్టి చూశాడు. ఎరుపు దాటాక, ఏ రంగూ లేని చోట పెట్టిన థర్మామీటరు ఇంకా ఎక్కువ చూపించింది. మనం పరారుణ కిరణాలు అంటున్నవి, ఇన్‌ఫ్రారెడ్, అవే. నల్లటి మడ్డీ, కనిపించని వెలుగూ కలుసుకోవడానికి ఇంకా నూట యాభై ఏళ్ళు పట్టింది.

ఈలోగా మట్టి మింగుతుందన్న నమ్మకానికి పరీక్ష జరిగింది. 1840ల చివర్లో హక్స్‌టబుల్ అనే ఇంగ్లీషు మతగురువు ఎరువుకుండీలోని నీళ్ళని మట్టిలోంచి వడగడితే రంగూ వాసనా లేకుండా కిందకి దిగాయి. యార్క్‌షైర్‌లో థాంప్సన్ అనే భూస్వామి అమ్మోనియం సల్ఫేట్ నీళ్ళు మట్టిమీద పోశాడు. కింద దిగిన నీళ్ళలో అమ్మోనియా లేదు, కాల్షియం సల్ఫేట్ ఉంది. థామస్ వే అనే రసాయనవేత్త దీన్ని పట్టుకుని 1850లో వ్యాసం రాశాడు. మట్టి మింగలేదు, మారకం చేసింది: కాల్షియం ఇచ్చి అమ్మోనియా పుచ్చుకుంది. మారకం అంటే తిరిగి ఇచ్చేయడానికి కూడా వీలున్న పని. ఆ రోజుల్లో ఇదంతా ఎరువుల గొడవ, కాబట్టి ఆ రెండో సగం ఎవర్నీ భయపెట్టలేదు.

ఇప్పుడు వెలుగు దగ్గరికి వద్దాం. 1905లో విలియం కోబ్లెంజ్ అనే అమెరికన్ భౌతికశాస్త్రజ్ఞుడు వందకి పైగా పదార్థాల పరారుణ వర్ణపటాలు అచ్చువేశాడు. ఒక్కో బిందువూ చేత్తో కొలుచుకుంటూ పోయిన ఓపిక అది. అందులో తేలిందేమిటంటే, అణువులో ఫలానా గుంపు ఉంటే, పదార్థం ఏదైనా సరే, ఇంచుమించు అదే చోట వెలుగు తగ్గుతుంది. అణువులో రెండు పరమాణువుల మధ్య బంధం స్ప్రింగులా ఊగుతుంటుంది. తన ఊపుకి సరిపోయే పరారుణాన్ని అది పీల్చేసుకుంటుంది. పీల్చిన చోట గీతలో పల్లం పడుతుంది. ఆ స్ప్రింగుకి ఇంకేదైనా వేలాడితే ఊపు మారుతుంది, పల్లం జరుగుతుంది. అంటే ఇది "ఏముంది" అని మాత్రమే కాదు, "ఎవరు ఎవర్ని పట్టుకున్నారు" అని కూడా అడగగలిగే పరికరం.

దాన్ని భౌతికశాస్త్రం గదిలోంచి బయటికి లాగింది యుద్ధం. కృత్రిమ రబ్బరు తయారీలో ముడిసరుకుని త్వరగా పరీక్షించడానికి 1942లో బెక్‌మన్ కంపెనీ ఒక పరారుణ యంత్రం చేసింది. 1952లో ఇంకో చిన్న కిటుకు దొరికింది: పొడిచేసిన నమూనాని పొటాషియం బ్రోమైడ్ ఉప్పుతో కలిపి బిళ్ళగా నొక్కితే వెలుగు అందులోంచి దూరిపోతుంది. ఇక మట్టి మడ్డిని కూడా బిళ్ళ చేయొచ్చు.

చేసినవాళ్ళలో ముఖ్యుడు కెనడాలోని ఒటావాలో వ్యవసాయశాఖ పరిశోధకుడు మారిస్ ష్నిట్జర్. 1960ల్లో ఆయనా, ఆయన సహచరులూ మట్టి ఆమ్లాలు ఇనుము, రాగి లాంటి లోహాల్ని ఎలా పట్టుకుంటాయో వరసగా చూశారు. హ్యూమిక్ ఆమ్లం వర్ణపటంలో 1720 దగ్గర ఒక పల్లం ఉంటుంది. సెంటీమీటరుకి 1720 అలలు అని లెక్క. అది హైడ్రోజన్‌ని ఇంకా వదలని కార్బాక్సిల్ గుంపుది. చింతపండు పులుపుకీ, వెనిగర్ పులుపుకీ కారణం ఆ గుంపే. లోహం వచ్చి చేరితే 1720 తగ్గిపోతుంది, 1600 దగ్గరా 1400 దగ్గరా పల్లాలు లోతవుతాయి. హైడ్రోజన్ వెళ్ళిపోయింది, దాని కుర్చీలో లోహం కూర్చుంది. ఆ గుంపుల్ని ముందే మూసేస్తే మట్టి ఆమ్లానికి లోహాన్ని పట్టే బలం పడిపోయింది. రెండు సాక్ష్యాలూ ఒకే చోటికి వేలు చూపించాయి.

సాక్ష్యం ఇంత శుభ్రంగా కనిపిస్తే కాస్త అనుమానించాలి. లోహమే అక్కర్లేదు, ద్రవంలో పులుపు తగ్గించినా హైడ్రోజన్ వెళ్ళిపోతుంది, 1720 తగ్గుతుంది. అందుకే పులుపు స్థాయిని కదలనివ్వకుండా, లోహం ఉన్నప్పుడూ లేనప్పుడూ పోల్చాలి. బిళ్ళలోని పొటాషియం కూడా నమూనాతో కలబడొచ్చు. అన్నిటికంటే పెద్ద చిక్కు నీళ్ళు. నీళ్ళు పరారుణాన్ని విపరీతంగా పీల్చేస్తాయి. పొలంలో మట్టి తడిది, బిళ్ళలో మట్టి ఎండిపోయింది.

ఇక్కడ తెలుగువాళ్ళకి తెలిసిన పేరొకటి వస్తుంది. నీళ్ళలో ఉన్న అణువుల ఊపుల్ని చూడడానికి రామన్ ఫలితం ఇంకో తలుపు. ఏ ఊపు పరారుణానికి దొరుకుతుంది, ఏది రామన్‌కి దొరుకుతుంది అన్నది అణువు సౌష్ఠవాన్ని బట్టి ఉంటుంది. ఆ లెక్కల్ని భౌతికశాస్త్రం విద్యార్థులకి పాఠంగా అందించిన తొలి పుస్తకాల్లో ఒకటి 1948లో వాల్తేరు నుంచి వచ్చింది. రాసినవాళ్ళు కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం, ఆయన సహచరుడు వెంకటరాయుడు. కానీ మట్టి మడ్డి ఆ తలుపునీ మూసేస్తుంది: లేజరు పడగానే అది తనే మెరుస్తుంది, ఆ మెరుపులో రామన్ గీతలు మునిగిపోతాయి. అందుకే పరారుణాన్నే బాగుచేసుకోవాల్సి వచ్చింది. 1965లో ఫూరియే లెక్కల్ని వేగంగా చేసే పద్ధతి వచ్చింది, దానికి కంప్యూటర్లు తోడయ్యాయి. 1970ల నుంచి యంత్రం ఒక్కో రంగూ వెతుక్కోకుండా అన్నిటినీ ఒకేసారి కొలిచింది. స్ఫటికం అంచు నుంచి మైక్రాన్ల లోతుకే వెలుగుని దూర్చే పద్ధతితో తడి నమూనాని కూడా చదవడం మొదలైంది.

పురుగుమందుల, కలుపుమందుల కథ వేరేగా నడిచింది. అట్రజిన్ లాంటి కలుపుమందుకి నైట్రోజన్లున్నాయి, మట్టి ఆమ్లంతో హైడ్రోజన్ బంధం పెట్టుకోగలదు. వర్ణపటంలో దాని జాడ వెతకొచ్చు. డీడీటీకి అలాంటి చేతుల్లేవు. అది నీళ్ళంటే పడక మట్టిలోని జిడ్డులాంటి సేంద్రియ పదార్థంలోకి దూరి కూర్చుంటుంది. నూనె చుక్క నీళ్ళు వదిలి నూనెలో చేరినట్టు. 1979లో కేరీ చియూ బృందం సైన్స్ పత్రికలో చెప్పింది ఇదే. అలాంటి చోట స్ప్రింగు ఊపు పెద్దగా మారదు, పరారుణం దాదాపు మూగబోతుంది. చెప్పలేని చోట ఒక పరికరం మౌనంగా ఉండడం కూడా మనకి పనికొచ్చే సంగతే.

2015లో ఇంకో దెబ్బ తగిలింది. లేమన్, క్లెబర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు నేచర్ పత్రికలో వాదించారు: హ్యూమిక్ ఆమ్లం అని మనం రెండు శతాబ్దాలుగా చదువుతున్నది చాలావరకు సీసాలో పుట్టిన వస్తువు. అషార్డ్ దారిలో గట్టి క్షారం పోస్తే అది వస్తుంది. ఏ పొలంలోనూ అంత క్షారం ఉండదు. మట్టిలో ఉన్నవి మొక్కల, సూక్ష్మజీవుల శిథిలాలు, రకరకాల దశల్లో కుళ్ళుతూ, బంకమట్టికి అంటుకుని. అందరూ ఒప్పుకోలేదు, వాదన ఇంకా నడుస్తోంది. కార్బాక్సిల్ గుంపులు అబద్ధం కావు, అవి ఆ శిథిలాల్లోనూ ఉన్నాయి. కానీ ఎవరి చేతులో అనుకున్నవి ఎవరివో మళ్ళీ అడగాల్సి వచ్చింది.

ఇదంతా మనకెందుకు? హైదరాబాదు పక్కనే పటాన్‌చెరు ఉంది. అక్కడి ఫ్యాక్టరీల నీళ్ళు నక్కవాగులో కలిసిన సంగతి 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అక్కడి మట్టిలో భారలోహాలు మామూలు కంటే ఎక్కువున్నాయని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ వాళ్ళు తరవాత కొలిచి రాశారు. అలాంటి కొలత "ఎంత ఉంది" అని చెబుతుంది. "ఎంత గట్టిగా పట్టుకుని ఉంది" అన్నది వేరే ప్రశ్న. కార్బాక్సిల్ చేతిలో ఉన్న సీసం అక్కడే ఉంటుంది, మట్టి పులిసేదాకా. పులుపు పెరిగితే హైడ్రోజన్ తిరిగొచ్చి తన కుర్చీ అడుగుతుంది. సీసం లేచి నీళ్ళలోకి నడుస్తుంది. ఇంకో దారి కూడా ఉంది: పట్టుకున్న సేంద్రియ అణువు చిన్నదై నీళ్ళలో కరిగేదైతే, విషాన్ని ఆపాల్సిందే దాన్ని భుజాన వేసుకుని బావిదాకా మోస్తుంది.

పెంట వేస్తే నేల బాగుపడుతుందన్న రైతు మాట నిజం. ఆ నల్లటి పెంటే విషాల్నీ పట్టి ఉంచుతుంది, అదీ నిజమే. కానీ పట్టి ఉంచడం అంటే మాయం చేయడం కాదు. థామస్ వే చూసిన మారకంలో ఎవరూ పట్టించుకోని రెండో సగం ఇదే. మట్టిలో కలిసిపోయిందనుకున్నది మట్టి చేతిలో ఉంది, అంతే. ఆ చెయ్యి ఎప్పుడు వదులుతుందో తెలుసుకోవాల్సిన పని మనది.