మాదిగపల్లెలోని తొలి చదువరులు

1970వ సంవత్సరమున ప్రకాశము జిల్లా ఏర్పడువరకును కర్నూలు జిల్లాలో నుండిన మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములలో క్రైస్తవ బాలసాహిత్యము ఎట్లు వ్యాపించెనో విచారింపబూనిన వానికి, అసలు బాలపాఠకుడన నెవడన్న చిక్కు మొట్టమొదటనే ఎదురగును. ధాత కరువు దేశమును దహించిన పిమ్మట, 1878 జూలై 3వ తేదీన, ఒంగోలు మిషనరీయగు క్లౌ దొరగారి సంఘమున చేరుటకై వచ్చిన 2,222 మంది వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో ఒక్క దినముననే బాప్తిస్మము పొందిరి. వారిలో అనేకులు మాదిగలు. తరతరములుగా అక్షరమునకు దూరముగా నుంచబడినవారు. అట్టివారి పల్లెలలో తండ్రియు కుమారుడును ఒకే అక్షరమాలను దిద్దవలసివచ్చెను గనుక, పిల్లల పుస్తకమనియు పెద్దల పుస్తకమనియు భేదమే యుండుట కవకాశము లేకపోయెను.

కంభము, మార్కాపురముల యందు అమెరికను బాప్టిస్టులును, గిద్దలూరు వైపున ఆంగ్లికను సంఘమువారును పాఠశాలలు నెలకొల్పిరి. పల్లెపంతులే ఉపదేశియు నగుటచే పగటి చదువునకును రాత్రి ప్రార్థనకును ఆయనయే దిక్కు. చేతనుండునవి ప్రశ్నోత్తరములు, సువార్తభాగములు, కీర్తనలు, ఎక్కడనైన నొక ‘యాత్రికుని ప్రయాణము’. ప్రశ్నోత్తరముల వంశము ప్రాచీనమే. బెంజమిన్ షుల్జ్ జర్మనీలోని హాలె నగరమున 1746, 47లలో అచ్చువేయించిన తెలుగు చిన్నపుస్తకములలో అది యొకటి.

ఈ బడులకు పుస్తకముల ఎంపిక మాత్రము మద్రాసున జరుగుచుండెను. 1858లో స్థాపింపబడిన క్రైస్తవ దేశభాషా విద్యాసంఘమునకు ప్రతినిధియై, దేశమంతయు తిరిగి పుస్తకములు వ్రాయించి అమ్మించిన జాన్ మర్డాక్ అసాధారణుడగు కృషీవలుడు. ప్రభుత్వ పాఠ్యగ్రంథములలో విగ్రహారాధనమును, అవినీతియు బోధింపబడుచున్నవని ఆయన 1872లో ఒక పుస్తికయే ప్రకటించెను. ఏవి తీసివేయవలెనో అంత స్పష్టముగా నెరిగిన యాయన, వాని స్థానమున నల్లమల క్రింది బాలుని కేమి చదువనీయవలెనో అంత స్పష్టముగా నెరిగెనని నేను తలంపను. ఇంగ్లీషు బాలుని కథలు తెనుగు దుస్తులు ధరించి వచ్చినవి. చెప్పులు కుట్టు తండ్రికి తోలందించు బిడ్డ వానిలో కనబడడు.

ఈ కొరతను తీర్చినది గద్యము గాదు, పాట. పురుషోత్తమ చౌధరి (1803–1890) రచించిన కీర్తనలు, దేశీయములగు రాగతాళములతో నుండుటచే, అక్షరము రాని తల్లి నోటనుండి చదువు రాని బిడ్డ నోటికి పుస్తకము తోడు లేకయే ప్రవహించెను. పిల్లవాడు బడికి వచ్చి అచ్చుపుటను చూచునప్పటికే పాట కంఠస్థమై యుండెడిది. తెలిసిన పాటలో తెలియని అక్షరమును వెదకుకొనుట కంటె సులభమైన వాచకము వేరొకటి యుండునా? మార్కాపురము చుట్టుపట్ల త్రవ్విన రాతిపలకలు ఒకప్పుడు దేశమందలి అనేకమగు బడులకు పోవుచుండగా, ఈ ప్రాంతపు పిల్లవాని కథ మాత్రము ఏ పుస్తకమునను చేరకుండుట విపరీతమే.

పొరుగుననే యున్న వినుకొండలో 1895లో జన్మించిన జాషువ కవి వ్రాసిన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. తెలుగు పద్యమునందు క్రీస్తు కథ పరాయిది గాదని ఆ కావ్యము స్థాపించినది. కాని అది పెద్దల గ్రంథము. కావున ఆదివారపు బడికి నేడు పుస్తకములు కొనువారు, అనువాదములనే ఎన్నుకొనక, ఈ పల్లెలలోని ఉపాధ్యాయులచేతనే కథలు వ్రాయించి అచ్చువేయింపవలెనని నా మనవి.