పద్యంలో దాగిన చదరంగం

చదరంగం కనిపెట్టిన పండితుడు రాజును అడిగిన బహుమానం కథ మన ఇళ్లలో అందరూ విన్నదే. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు. అలా అరవై నాలుగో గడి దాకా రెట్టిస్తూ పోతే చాలన్నాడట. ఇంతేనా అని నవ్విన రాజుకు గాదెలన్నీ ఖాళీ అయ్యాక గానీ ఆ కోరిక లోతు అర్థం కాలేదు. అరబ్బు రచయితలు ఆ పండితుణ్ని సిస్సా అన్నారు. క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బిరూనీ ఈ రెట్టింపు మొత్తాన్ని కట్టి చూపాడు. 13వ శతాబ్దంలో ఇబ్న్ ఖల్లికాన్ దాన్ని కథగా చెప్పాడు.

అదే సంఖ్య తెలుగులో ఒక పద్యమై ఉందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. పావులూరి మల్లన పేరు మీద అది ప్రచారంలో ఉంది. మల్లన రాజరాజ నరేంద్రుడి కాలంవాడని, అంటే 11వ శతాబ్దివాడని సాహిత్య చరిత్రల్లో ఎక్కువగా కనిపించే మాట. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని 'సారసంగ్రహ గణితం'గా తెలుగు చేసినవాడు ఆయన. ఆ పద్యంలో దాదాపు ఏ అంకె కూడా అంకెగా కనిపించదు. చంద్రుడంటే ఒకటి, అగ్ని అంటే మూడు, వేదాలంటే నాలుగు, మన్మథుడి బాణాలంటే ఐదు, కొండలంటే ఏడు, దిగ్గజాలంటే ఎనిమిది, ఆకాశమంటే సున్న. ఈ మాటలను ఛందస్సుకు తగ్గట్టు వరుసగా పేర్చి, కుడి నుంచి ఎడమకు అంకెలు వేసుకోమంటాడు కవి. వేసుకుంటే వచ్చేది 18446744073709551615. ఇరవై అంకెలు. ఒక్కటి కూడా తప్పు పోలేదు.

ఎంత ధాన్యమది? తెలంగాణలోని మెట్ట ఊరు మర్రిగూడ వైపు నీటి చుక్క చూసుకుని వరి వేసే రైతుకు అర్థమయ్యేలా కట్టి చూద్దాం. వెయ్యి వడ్ల గింజలు 25 గ్రాములు తూగుతాయనుకుంటే, ఆ పండితుడికి రావాల్సింది సుమారు 46 వేల కోట్ల టన్నులు. తెలంగాణ అంతా కలిసి ఏడాదికి రెండున్నర కోట్ల టన్నుల వడ్లు పండించి, ఒక్క గింజ కూడా తినకుండా ఇచ్చేస్తూ పోయినా పద్దెనిమిది వేల ఏళ్లకు గానీ ఆ అప్పు తీరదు. సిస్సా ఉన్నాడో లేడో ఎవరు తేల్చగలరు? ఈ కథను నమ్మాల్సింది చరిత్రగా కాదు, లెక్కగా. ఆ లెక్కను పద్యంలో పెట్టి పిల్లల నోటికి ఎక్కించారు మనవాళ్లు. నన్ను అన్నిటికన్నా కదిలించేది అదే. తెలుగునాట చదరంగం బల్ల మీద కన్నా జ్ఞాపకంలో, పద్యంలో ఎక్కువ కాలం బతికింది.

ఆట పుట్టుక గురించి గట్టిగా చెప్పగలిగింది కొంచెమే. ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం అనే నాలుగు అంగాల సైన్యాన్ని అష్టాపదమనే ఎనిమిది వరుసల బల్ల మీదికి తెచ్చింది భారతదేశమే. 7వ శతాబ్దిలో బాణుడు హర్షచరిత్రలో ఈ ఆటను శ్లేషగా వాడుకున్నాడు. అంటే వినేవాళ్లకు ఆట అప్పటికే తెలుసు. మన రాజొకరు దీన్ని పారశీక చక్రవర్తి ఖుస్రో కొలువుకు పొడుపుకథలా పంపాడని, అక్కడి మంత్రి బుజుర్గ్‌మెహర్ దాన్ని విప్పి, బదులుగా పాచికల ఆటను కల్పించి పంపాడని పారశీకులు రాసుకున్నారు. అప్పట్లో మంత్రికి ఇప్పటి బలం లేదు, మూలగా ఒక్క గడి మాత్రమే కదిలేవాడు. యూరప్‌లో అతని చోటు రాణికి దక్కింది, 15వ శతాబ్ది చివర్లో స్పెయిన్, ఇటలీ ప్రాంతాల్లో బల్లంతా ఆమెదయింది. మన దేశీ ఆటలో మాత్రం పాత పద్ధతులు కొన్ని మొన్నమొన్నటి దాకా నిలిచాయి. బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదలాలి. రాజు ఆట మొత్తంలో ఒకే ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. ఈ పద్ధతుల్లోనే పెరిగిన పంజాబు ఆటగాడు సుల్తాన్ ఖాన్ ఇంగ్లండు వెళ్లి 1929, 1932, 1933 సంవత్సరాల్లో బ్రిటిష్ చాంపియన్ అయ్యాడు.

మళ్లీ పద్యం దగ్గరికే వస్తాను. గుర్రం ఏ గడినీ రెండోసారి తొక్కకుండా బల్లంతా తిరిగి రావడమెలాగన్న చిక్కుముడిని గణితవేత్త ఆయిలర్ 1759లో పరిశీలించాడు. అంతకు తొమ్మిది వందల ఏళ్ల ముందే కాశ్మీర ఆలంకారికుడు రుద్రటుడు సగం బల్లకు, అంటే 32 గడులకు, దాన్ని సాధించాడు. ఆయన శ్లోకంలోని 32 అక్షరాలను గడికొకటిగా రాసి, గుర్రం నడిచే దారిలో చదివితే మళ్లీ అదే శ్లోకం వస్తుంది. 14వ శతాబ్దిలో వేదాంత దేశికులు 'పాదుకా సహస్రం'లో ఇంకో అడుగు ముందుకు వేశారు. ఒక శ్లోకాన్ని గుర్రపు దారిలో చదివితే మరో శ్లోకం పుట్టుకొస్తుంది.

రాయల కొలువులో బొడ్డుచర్ల తిమ్మన అనే చదరంగ వీరుడు ఉండేవాడు. వందమంది ఒక్కటై ఎదుట నిలిచినా, కృష్ణదేవరాయలతో ఆడి గెలిచేవాడని చాటువు పొగుడుతుంది. ఆ నేర్పుకు మెచ్చి రాయలు ఆయనకు కొప్పోలు గ్రామం ఇచ్చాడని ఐతిహ్యం. చాటువులో అతిశయం ఉంటుంది, వందమందిని నేను అక్షరాలా తీసుకోను. కానీ రాజును రోజూ ఓడిస్తూ మెప్పు పొందినవాడి పేరు ఆటగాడిగానే నిలిచిపోవడం నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది.

అవధానం సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే. పాత అష్టావధానాల్లో చదరంగం కూడా ఒక అంశం. ఒక పక్క సమస్య పూరించాలి, మరో పక్క నిషిద్ధాక్షరిని దాటాలి, గంటలు లెక్కపెట్టాలి. వీటి మధ్యనే ఎదుటి ఆటగాడికి ఎత్తు చెప్పాలి. ఆట ఎక్కడ ఆగిందో, ఏ పావు ఏ గడిలో ఉందో మనసులో చెదరకూడదు. బల్ల చూడకుండా ఆడే ఆటను ప్రపంచమంతా అబ్బురంగా చూస్తుంది. మన దగ్గర దాన్ని కవిత్వంతో జోడించి సభలో కూర్చోబెట్టారు.

హైదరాబాద్ పేరు అంతర్జాతీయ చదరంగ చరిత్రలో మొదట కనిపించేది ఒక ఓటమితో. 1828-29లో మద్రాసు, హైదరాబాద్ జట్లు ఉత్తరాల మీద ఆడాయి. అప్పటికి రైలు లేదు, తంతి లేదు. ఒక ఎత్తు కాగితం మీద రాసి పంపితే, బదులు వచ్చేదాకా బల్ల ముందు ఎదురుచూడటమే. రెండు ఆటలూ మద్రాసే గెలిచింది. ఆ జట్టులోని గులాం ఖాసిం, జేమ్స్ కొక్రేన్‌తో కలిసి 1829లో మద్రాసులో ఒక పుస్తకం ప్రచురించాడు. ఆరంభంలోనే గుర్రాన్ని బలిచ్చి దాడికి దిగే ముజియో గాంబిట్ మీద రాసిన పుస్తకమది. ఆ ఆరంభంలో ఒక దాడికి ఇవాళ్టికీ గులాం ఖాసిం పేరే ఉంది.

పల్లెల సంగతి వేరు. పులి-మేక, దాడి, అష్టాచెమ్మ ఆడాలంటే అరుగు మీద బొగ్గుతో నాలుగు గీతలు, గుప్పెడు రాళ్లో చింతగింజలో ఉంటే సరిపోతుంది. చదరంగానికి ఆరు రకాల పావులు ముప్పై రెండు చెక్కించాలి. మర్రిగూడ లాంటి మెట్ట ఊళ్లలో ఈ ఆట రచ్చబండ దాకా రాలేకపోవడానికి తెలివి కారణం కాదు, ఖర్చే కారణమని నా నమ్మకం. ప్లాస్టిక్ పావులు వచ్చాక ఆ అడ్డు తొలగింది.

ఆ తర్వాత జరిగింది మన కళ్ల ముందే. గుడివాడలో 1987లో పుట్టిన అమ్మాయికి తండ్రి కోనేరు అశోక్ 'చాంపియన్' అనే మాటలోంచి హంపి అని పేరు తీశాడు. 2002లో పదిహేనేళ్ల వయసులో ఆమె గ్రాండ్‌మాస్టర్ అయి, అతి చిన్న వయసులో ఆ హోదా పొందిన మహిళగా జుడిట్ పోల్గార్ పేరిట ఉన్న రికార్డును దాటింది. 2019లోనూ 2024లోనూ ప్రపంచ మహిళల ర్యాపిడ్ కిరీటం గెలిచింది. గుంటూరు హరికృష్ణ 2004లో ప్రపంచ జూనియర్ చాంపియన్. అదే గుంటూరు ద్రోణవల్లి హారిక 2011లో గ్రాండ్‌మాస్టర్ అయింది. చెన్నైలో పెరిగిన తెలుగింటి కుర్రాడు దొమ్మరాజు గుకేశ్ 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ను ఓడించి, పద్దెనిమిదేళ్లకే ప్రపంచ విజేత అయ్యాడు. అదే నెల మొదటి తేదీన వెలువడిన అంతర్జాతీయ చదరంగ సమాఖ్య (ఫిడే) జాబితాలో హనుమకొండ కుర్రాడు ఎరిగైసి అర్జున్ 2801 రేటింగుతో నిలిచాడు. విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడు అతనే.