దక్షిణానికి చూపిన దివిటీ

నాన్నమ్మకు భిలాయిలోని మా పేట పవర్ హౌస్‌లో దిక్కులు తెలిసేవి కావు. శ్రీకాకుళం జిల్లాలోని మా ఊళ్లో తూర్పంటే సముద్రం, పడమరంటే కొండలు. భిలాయిలో ఎటు చూసినా ఒకటే మైదానం, ఒకటే పొగ. అందుకే ఏటా దీపావళి అమావాస్య సందెవేళ, నూనెలో తడిపిన గుడ్డ వత్తులు కట్టిన గోగు కర్రలు మా చేతికిచ్చే ముందు, "దక్షిణం ఏ వేపురా?" అని నాన్నని అడిగేది. నాన్న రైలు పట్టాల వైపు చెయ్యి చూపేవాడు. "అయితే పట్టాల వేపు తిరగండి, గుంటల్లారా" అనేది.

మేం ముగ్గురం అటు తిరిగి, దిబ్బు దిబ్బు పాట పాడుతూ వెలుగుతున్న కర్రల్ని నేలకేసి కొట్టేవాళ్ళం. రవ్వలు చెదిరి మా కాళ్ళ మీద పడేవి. వత్తులు కొడిగట్టాక కర్రల్ని ఓ మూల పారేసి, వెనక్కి చూడకుండా కాళ్ళు కడుక్కుని లోపలికొస్తే నోట్లో ఇంత తీపి పెట్టేది. అటకమీది టపాకాయల బుట్ట కిందికి దిగడం ఆ తర్వాతే. 1964లో నాకు ఏడేళ్ళు. నాకు బాగా గుర్తున్న మొదటి దీపావళి అదే.

ఈ దివిటీకి శాస్త్రంలో ఉల్కాదానమని పేరు. నిర్ణయసింధు, ధర్మసింధు రెండూ దాన్ని చెప్తాయి. మహాలయ పక్షంలో మన ఇళ్ళకు వచ్చిన పితృదేవతలు తిరిగి వెళ్ళేటప్పుడు చీకట్లో దారి తప్పకుండా పట్టే వెలుగు అది. వాళ్ళ దిక్కు దక్షిణం. మాకు మాత్రం మా ఊరు కూడా ఆ పక్కనే ఉండేది. నాన్నమ్మ ఎవరికి దారి చూపిస్తోందో, పోయినవాళ్ళకో, ఊరు వదిలొచ్చిన మాకో, ఆ వయసులో నాకు తెలిసేది కాదు.

ఉక్కు పిలిచిన ఊరు

భిలాయి ఉక్కు కర్మాగారం కోసం భారత, సోవియట్ ప్రభుత్వాలు 1955లో ఒప్పందం చేసుకున్నాయి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. అప్పటికి అది మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లా. రాజహరా కొండల నుంచి ఇనుప రాయి, నందిని గనుల నుంచి సున్నపురాయి, నాలుగు దిక్కుల నుంచి మనుషులు వచ్చారు.

మన వాళ్ళు వచ్చిన దారి రాయపూర్–విజయనగరం రైలు మార్గం. 1931లో పూర్తయిన ఆ లైను పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా కొండలు దాటి ఛత్తీస్‌గఢ్ మైదానంలోకి దిగుతుంది. వేరుశనగ పండక, వాన కురవక, పొలం చాలక ఉత్తరాంధ్ర కుటుంబాలు ఎన్నో ఆ బండి ఎక్కాయి. పర్మనెంటు ఉద్యోగం దొరికినవాళ్ళు పట్టాలకు అవతల సెక్టార్లలో క్వార్టర్లు తెచ్చుకున్నారు. మిగతావాళ్ళు ఇవతల పవర్ హౌస్ బజారు చుట్టూ, క్యాంపుల్లో, ఖుర్సీపార్‌లో ఇళ్ళు వేసుకున్నారు. ఒకే వీధిలో తెలుగు, ఛత్తీస్‌గఢీ, భోజ్‌పురి, పంజాబీ, ఒరియా, మలయాళం వినిపించేవి. కొళాయి దగ్గర పోట్లాటకు మాత్రం అందరిదీ హిందీయే.

ఆ ఊళ్లో నిప్పుకు పండగతో పని లేదు. బ్లాస్ట్ ఫర్నేస్ ఒకసారి వెలిగిస్తే ఏళ్ళ తరబడి ఆరకూడదు. దసరా అయినా దీపావళి అయినా మూడు షిఫ్టులూ నడవాల్సిందే. మా నాన్నమ్మ దాన్ని "మీ బాబు అఖండ దీపం" అనేది. రాత్రిపూట కరిగిన స్లాగ్ కుమ్మరిస్తే ప్లాంటు వైపు ఆకాశం ఒక్కసారిగా నారింజ రంగుకు తిరిగి, మా గోడల మీద మా నీడలు పడేవి. కొత్తగా ఊరి నుంచి వచ్చిన చుట్టాలు బయటికి పరిగెత్తేవాళ్ళు. మేం పెద్దవాళ్ళలా నవ్వేవాళ్ళం. తర్వాత తర్వాత ఆ స్లాగ్‌ను నీళ్ళతో చల్లార్చి గుళికలు చేసి సిమెంటు కంపెనీలకు పంపడం పెరిగింది. 1965లో మొదలైన జాముల్ సిమెంటు ఫ్యాక్టరీ దానికి పెద్ద గిరాకీ. ఆకాశంలో మా ఉచిత బాణసంచా అలా గోడల్లోకి, వంతెనల్లోకి వెళ్ళిపోయింది.

అరువు తెచ్చుకున్న మంటలు

ఉత్తరాంధ్రలో దసరా అంటే శమీ పూజ, పులివేషాలు, ఆ తర్వాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లి సిరిమాను. రావణుణ్ణి కాల్చడం మా వాళ్ళెరగరు. గడ్డీ కాగితమూ చుట్టిన వెదురు రావణుణ్ణి సెక్టార్ మైదానంలో తొలిసారి చూసినప్పుడు నాన్నమ్మకు కోపమొచ్చింది. "ఏటది? శివభక్తుణ్ణి తగలెట్టడవేటి?" అంది. అయినా పొట్టలో దాచిన బాంబులు ఒక్కొక్కటీ పేలుతుంటే నన్ను భుజానికెత్తుకుని చివరిదాకా చూసింది.

ఆమె అభ్యంతరం ఆ నేలకు కొత్తేం కాదని తర్వాత తెలిసింది. దహనం ఉత్తరాది రామ్‌లీలాతో నడిచొచ్చిన ఆచారం. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో కాల్చని రావణులు ఎందరో ఉన్నారు. ఊరి బయట సిమెంటు విగ్రహాలై ఏళ్ళ తరబడి నిలబడే ఉంటారు. జగదల్‌పూర్‌లో 75 రోజుల బస్తర్ దసరాలో అసలు రావణుడే లేడు. అంతా దంతేశ్వరీ మాతకే.

దసరాకీ దీపావళికీ మధ్య ఇరవై రోజులు. ఆ రోజుల్లో సాయంత్రాలు ఛత్తీస్‌గఢీ అమ్మాయిలు వడ్లు నింపిన వెదురు బుట్టలో మట్టి చిలకలు పెట్టుకుని గుమ్మం ముందు వలయంగా తిరుగుతూ చప్పట్లతో సువా ఆడేవారు. వాళ్ళకి దీపావళి 'సురహుత్తి'. ఆ రాత్రి చెరువు మట్టితో గౌరా గౌరీలను చేసి, పెళ్ళి జరిపి, తెల్లారగట్ల డప్పులతో నిమజ్జనానికి తీసుకెళ్ళేవారు. మర్నాడు గోవర్ధన పూజ, పశువులకు కిచిడీ. ఆపైన గవ్వల కవచాలు తొడుక్కుని, కర్రలు పట్టుకుని, దోహాలు చదువుతూ రౌత్ నాచా వచ్చేది.

నాలుగో రోజున మా వంతు, నాగుల చవితి. ఉత్తరాంధ్ర పిల్లలకు టపాకాయలు రెండు పండగలవి. దీపావళికి అన్నీ కాల్చేసినవాడు చవితినాడు పక్కవాడి మొహం చూడాల్సిందే. పవర్ హౌస్‌లో పుట్ట దొరకడమే కష్టం. నాన్న సైకిలు మీద ఊరి చివరిదాకా వెతికి వచ్చేవాడు. పాలు పోసి, చిమ్మిలి, చలిమిడి పెట్టి, దాచుకున్న నాలుగు చిచ్చుబుడ్లూ ఆ బంజరులో వెలిగిస్తే, మేకలు కాసే కుర్రాళ్ళు నిలబడి చూసేవాళ్ళు. షష్ఠినాడు బీహారీల ఛఠ్, చెరువు గట్టు మీద దీపాలు. ఏకాదశికి ఛత్తీస్‌గఢీ వాళ్ళ జేఠౌని. చెరకు గడలు నిలబెట్టి పూజ చేసుకుని, పాత వెదురు బుట్టలూ చేటలూ ఇంటి ముందు మంటేసి చలి కాచుకుంటారు. మొదటిసారి చూసి నాన్నమ్మ బెంబేలెత్తింది, "భోగి రెణ్ణెల్ల ముందే వచ్చీసిందేటి?" అని. మరుసటి ఏడాది మా ఇంట్లో విరిగిన చేట కూడా ఆ మంటలో పడింది. పౌర్ణమికి శివాలయాల్లో కార్తిక దీపాలు, గురుద్వారాల్లో గురునానక్ జయంతి.

గోగు కర్రలదీ అలాంటి కథే. గోంగూరను ఛత్తీస్‌గఢీలో 'అమారీ' అంటారు. బజారులో ఆ ఆకు అమ్మే ఆమెను నాన్నమ్మ దీపావళికి ముందు ఆకు తీసేసిన కాడలు తెమ్మని బతిమాలేది. ఆకు కొనక కాడలు కొనేదేమిటని ఆమె డబ్బు పుచ్చుకునేది కాదు. మా పితృదేవతలు పదేళ్ళ పాటు అమారీ కాడల వెలుగులోనే వెళ్ళారు.

మందు కథ

మన దేశంలో బాణసంచా చరిత్రను పి.కె. గోడే అనే పండితుడు 1953లో ఓ చిన్న పుస్తకంగా వేశారు. 1443లో విజయనగర సామ్రాజ్యానికి వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ మహర్నవమి సంబరాల్లో బాణసంచా చూసి రాసుకున్నాడు. కొన్ని దశాబ్దాలకు, మన ఉత్తరాంధ్రనూ ఏలిన గజపతి ప్రతాపరుద్రుడి పేర వచ్చిన 'కౌతుకచింతామణి' అనే సంస్కృత గ్రంథం మందు పాళ్ళతో సహా బాణాల తయారీ చెప్పింది. కల్పవృక్ష బాణం, చామర బాణం, చంద్రజ్యోతి, పుష్పవర్తి అని వాటి పేర్లు. అక్షరం రాని మా తాత తయారుచేసిన మతాబులకు వెనక అంత వంశవృక్షం ఉంది.

1960ల్లో మా వీధిలో సగం సరుకు ఇంట్లోనే అయ్యేది. సూరేకారం, గంధకం, జిల్లేడు బొగ్గు విడివిడిగా నూరి, చేటలో ఎండబెట్టి, కాగితం గొట్టాల్లో కూరితే సిసింద్రీలు. ఇనుప రజను కలిపి మట్టి బుడ్డిలో దట్టిస్తే చిచ్చుబుడ్డి. మా నాన్న మెషిన్ షాపులో గ్రైండర్. పండగకు ఆయన చేసే పని ఒక్కటే, చిచ్చుబుడ్డి పువ్వుని చూసి తీర్పు చెప్పడం. సాన రాయి మీద ఉక్కు పెడితే లేచే రవ్వలో కార్బన్ తెలుస్తుంది. కార్బన్ తక్కువైతే రవ్వ పొడుగాటి గీత. ఎక్కువైతే చివర చిట్లి కొమ్మలేస్తుంది. "ఇది రైలు పట్టా రజనురా, చూడు ఎలా చిట్లుతోందో" అనేవాడు. నాకు లోహశాస్త్రంలో తొలి పాఠం అదే.

ఓ ఏడు మా పెద్దనాన్న కొడుకు మందు నూరుతుంటే నిప్పంటుకుని అరచెయ్యి కాలింది. ఆ రోజుతో మా ఇంట్లో రోలు వంటింటికి తిరిగెళ్ళిపోయింది. ఎక్కువ ఇళ్ళలో అంత సంఘటనేమీ అక్కర్లేకపోయింది. శివకాశి సరుకే ఆ పని చేసింది. ఆ ఊరి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ 1920ల్లో కలకత్తా వెళ్ళి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకొచ్చారు. 1940ల నుంచి అదే ఊరు దేశానికి బాణసంచా పుట్టిల్లయింది. 1970లు వచ్చేసరికి పవర్ హౌస్ బజారులో కోడిపుంజు బొమ్మ పెట్టెలు దొంతరలుగా ఉండేవి. చంద్రజ్యోతి కాస్తా ధర చీటీగా మారింది. ప్లాంటు సామర్థ్యం ఏటా 25 లక్షల టన్నులకు పెరిగిన కాలమది. బోనస్ చేతికొచ్చేది. శబ్దం పెరిగింది, మతాబులు తగ్గాయి. మర్నాడు ఎవరింటి ముందు ఎక్కువ కాగితం చెత్త ఉంటే వాళ్ళే గొప్ప.

చప్పుడు మారిన ఏళ్ళు

నేను 1988లో విశాఖ ఉక్కుకు వచ్చేశాను. అదీ సోవియట్ సాయంతో కట్టిందే కాబట్టి యంత్రాలు చుట్టాల్లా అనిపించేవి. అమ్మ, తమ్ముడు భిలాయిలోనే ఉన్నారు.

1991 సెప్టెంబర్ 28 తెల్లవారుజామున కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగిని భిలాయిలో నిద్రలోనే కాల్చి చంపారు. 1992 జూలై 1న పవర్ హౌస్ స్టేషన్లో పట్టాల మీద కూర్చున్న కార్మికులపై పోలీసు కాల్పులు జరిగాయి. పదిహేను మందికి పైగా చనిపోయారు. నాన్న చెయ్యి చూపిన పట్టాలవి. ఆ దీపావళికి నేను సెలవు పెట్టి వెళ్ళాను. మా వీధిలో పిల్లలు బాంబులడిగితే అమ్మ ఒప్పుకోలేదు. "పువ్వులు కాల్చుకోండి చాలు" అంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ వేరు రాష్ట్రమైంది. 2018 అక్టోబర్ 9న, శరన్నవరాత్రులకు ముందురోజు, కోక్ ఓవెన్ గ్యాస్ పైపులైను పేలి పదిమందికి పైగా ఉద్యోగులు పోయారు. అఖండ దీపం దగ్గర నిలబడేవాళ్ళకు అది దీపమే కాదని ఆ ఊరికి మళ్ళీ తెలిసింది. అదే నెల 23న సుప్రీంకోర్టు దీపావళి టపాకాయలకు రాత్రి 8 నుంచి 10 దాకా గడువు పెట్టింది. రాత్రి 10 దాటాక మోత వద్దని 2005లోనే చెప్పింది. అది చెవుల కోసం, 2018 తీర్పు ఊపిరితిత్తుల కోసం. ఆ తీర్పును తప్పుపట్టను. ఇంట్లో నూరుకున్నది, బజారులో కొన్నది, ఇప్పుడు గడియారం చూసి వెలిగించేది. అరవై ఏళ్ళలో నిప్పు నడిచిన దారి ఇది.

గోగు కర్ర మాత్రం ఈ లెక్కలో ఎక్కడా ఇమడదు. దాన్ని ఏ శివకాశీ చెయ్యలేదు, ఏ కోర్టూ ఆపలేదు. దాన్లో మందు లేదు, చప్పుడు లేదు. కాడ, గుడ్డ, నూనె, చెయ్యి పట్టుకునే ఓ పెద్దమనిషి ఉంటే చాలు. వాటిలో ఇప్పుడు దొరకనిది నాలుగోది ఒక్కటే.

నిరుడు విశాఖలో రైతుబజారులో కాడలు కొన్నాను. మేడ మీద మనవడు ఫోనులో దిక్సూచి తెరిచి, "తాతా, సౌత్ ఇటు" అన్నాడు. వత్తి వెలిగించి నేను నిలబడ్డది మాత్రం ఉత్తరానికి, రాయపూర్ బండి పోయే వైపు. నాన్న పోయింది అక్కడే, నాన్నమ్మ పోయిందీ అక్కడే. ఇద్దరి అస్థికలూ దుర్గ్ దగ్గర శివనాథ్ నదిలో కలిపాం.

"అటు కాదు తాతా!" అని వాడు నా మోచెయ్యి పట్టి తిప్పాడు. తిరుగుతుంటే దారిలో తూర్పు తగిలింది, చీకట్లో సముద్రం. శివనాథ్ మహానదిలో కలుస్తుంది. మహానది ఈ సముద్రంలోకే వస్తుంది. నాన్నమ్మకు ఎవరూ చూపించనక్కర్లేని దిక్కు అది. వత్తి ఇంకా ఆరలేదు. ముందు అటు ఒకసారి కొట్టి, తర్వాత దక్షిణానికి తిరిగాం.